బామ్మర్ది ముందు బావకి పాఠం చెప్పాను

1996వ సంవత్సరం, ఖతార్. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక సైన్‌బోర్డుల కంపెనీలో డిజైన్ సెక్షన్ నా చేతిలో ఉండేది. పెద్ద రేకుల షెడ్డు, అందులో ఒక మూల అద్దాల గది, ఆ గదిలో ఏసీ కింద నా బల్ల. షెడ్డు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. విశాఖపట్నంలో చిత్రకళలో డిగ్రీ చేసి, పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం వెంట పన్నెండేళ్ళ ముందు ఆ దేశం వచ్చాను. “ఆ ఎండలో, ఆ రంగుల కంపులో మీకెందుకండీ?” అని మా బిల్డింగులో తెలుగువాళ్ళు అడిగేవారు. నాలుగేళ్ళు చదివింది పిల్లల నోటుబుక్కులకి అట్టలు వేయడానికి కాదని చెప్పేదాన్ని. రెండోసారి ఎవరూ అడగలేదు.

బోర్డు ఒక్కరి పని అనుకుంటారు చాలామంది. కాదు. అక్కడ ప్రతి బోర్డు మీదా అరబీ ఉండాలి. అది రాసేది ఇద్రీస్. సూడాన్ దేశస్థుడు, రెల్లు కలంతో రాసే ఖత్తాత్, అంటే అందమైన రాతే వృత్తిగా ఉన్నవాడు. ఇంగ్లీషు అక్షరాలూ, బొమ్మలూ, ఏది ఎక్కడ ఉండాలనే లేఅవుటూ నావి. మేమిద్దరం కాగితం మీద చేసినదాన్ని ఇరవై అడుగుల రేకు మీదికి ఎక్కించేది పోశెట్టి.

పోశెట్టి జగిత్యాల వైపు మనిషి. నలభై అయిదేళ్ళు దాటాయి. ఊళ్ళో కిరాణా కొట్ల బోర్డులు, ఎరువుల కంపెనీల గోడ రాతలు రాసి వచ్చాడు. మా చిన్న కాగితాన్ని గళ్ళు గీసి పెద్దది చేసి, ఆ గీత పొడవునా సూదితో బెజ్జాలు పొడిచేవాడు. దాన్ని రేకుకి ఆనించి సుద్దపొడి మూటతో అద్దితే చుక్కల్లో అక్షరం దిగుతుంది. ఆ కాగితాన్ని ఖాకా అంటారు. చుక్కలు కలుపుకుంటూ ఎనామెల్ రంగుతో రాస్తాడు. అరబీ చదవలేడు, ఇంగ్లీషు చదవలేడు. చదవలేని ఆ రెండు భాషల్నీ పదకొండేళ్ళుగా తప్పు లేకుండా రాస్తున్నాడు. అతనికి తోడు భార్య తమ్ముడు రాజం. ముప్పై ఏళ్ళవాడు, పదో తరగతి పాసయ్యాడు. బ్రష్షు పట్టడం నేర్పింది బావే, వీసా తెప్పించిందీ బావే.

ఆ ఏడు మే నెలలో కటింగ్ ప్లాటర్ వచ్చింది. కంప్యూటర్లో గీసిన అక్షరాన్ని రెండడుగుల వెడల్పు స్టిక్కర్ చుట్ట మీద చిన్న కత్తితో కోసే మిషన్ అది. కోసింది ఒలిచి బోర్డుకి అంటించడమే. మా మేనేజర్ కురియన్ దానికి పూలదండ వేయించి, తర్వాత నన్ను పిలిచాడు.

“ఇంక ఇద్దరు పెయింటర్లు దేనికి మేడం? మిషన్ నడిపేవాడు ఒకడుంటే చాలు. రాజం కుర్రతనం మీదున్నాడు, నేర్చుకుంటాడు. పోశెట్టిని క్యాన్సిల్ చేద్దాం.”

క్యాన్సిల్ అంటే వీసా రద్దు చేసి విమానం ఎక్కించడం.

“పోశెట్టికి మిషన్ రాదని ఎవరు చెప్పారు మీకు?” అన్నాను.

“ఆ వయసులో ఏం వస్తుంది?”

“కత్తికి అక్షరం నేర్పుతున్నాం కదా. అక్షరం వచ్చిన చేతికి కత్తి నేర్పలేమా?”

గంటసేపు వాదించి రెండు నెలలు గడువు తెచ్చాను. గెలిచానన్న ఊపులో ఆ రాత్రే పాఠాలు తయారుచేసుకున్నాను.

డ్యూటీ అయ్యాక సాయంత్రం ఆరింటికి క్లాసు. అద్దాల గదిలో రెండు కుర్చీలు పక్కపక్కన వేయించి బావనీ బామ్మర్దినీ కూర్చోబెట్టాను. పోశెట్టి మౌస్‌ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

“బావా, ఎలుకను గట్ల పిసుకుతరా? సచ్చిపోతది!” అన్నాడు రాజం.

పోశెట్టి కూడా నవ్వాడు. రెండో రోజు తెరమీద బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటుంటే, “అక్కకు ఫోన్ జేసి కండ్లద్దాలు పంపుమందునా బావా?” అన్నాడు. పోశెట్టి సగం నవ్వాడు. మూడో రోజు అతను గీసిందంతా చెరిగిపోయింది. నాకు వేరే పని తొందరగా ఉంది.

“రాజం ఎలా చెప్తే అలా చేయండి పోశెట్టి గారూ. అతను చూపిస్తాడు,” అనేసి లేచాను.

నాలుగో రోజు పోశెట్టి రాలేదు. అయిదో రోజూ రాలేదు. షెడ్డులోకి వెళ్తే బ్రష్షులకి నూనె పట్టిస్తూ కూర్చున్నాడు.

“మీకోసం మేనేజర్‌తో పోట్లాడి రెండు నెలలు తెచ్చాను. మీరేమో పంతం పట్టి కూర్చున్నారు,” అని దులిపేశాను.

“కొట్లాడుమని నేనన్ననా మేడం?”

“క్యాన్సిల్ చేస్తారు, తెలుసా?”

“చెయ్యనియ్యుండ్రి. ఊరికి పోత. గోడలు ఆడనే ఉన్నయ్ గదా.”

తల ఎత్తకుండా అన్నాడు. ఊళ్ళో గోడల మీద కూడా ఇప్పుడు ప్రింటు కాగితాలే అంటిస్తున్నారని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. పొగరు అనుకుని వచ్చేశాను.

జూన్‌లో మంచినీళ్ళు సరఫరా చేసే ఒక కంపెనీ పన్నెండు ట్యాంకర్ల పని ఇచ్చింది. మొదటి బండి శాంపిల్. కురియన్ మిషన్‌తోనే చేయమన్నాడు. అక్షరాలు కోయించి, నేనూ రాజమూ కలిసి పట్టపగలు పదకొండింటికి అంటించాం. కోత అద్దంలా వచ్చింది. మధ్యాహ్నానికి స్టిక్కర్ కింద గాలి బుడగలు లేచాయి. సాయంత్రం ఆ నీళ్ళ కంపెనీ మనిషి వచ్చి బండి పక్కన నిలబడి పైకి చూశాడు.

“మాఫీ, మాఫీ,” అన్నాడు, కుదరదని అరబీలో. “పేరుని ఎవరో నెత్తిమీద మొట్టినట్టుంది. కాగితంలో ఇలా లేదే!” అన్నాడు. రెండు వారాల్లో సరిచేయకపోతే పని ఇంకొకరికి ఇస్తానని చెప్పి కారెక్కాడు.

నిజమే. నా బల్ల మీద నిటారుగా ఉన్న అక్షరం, బండి మీద పొట్టిగా, అణిగినట్టుగా ఉంది. డిగ్రీ చదివిన నేను ఎందుకలా ఉందో తెలియక నిలబడ్డాను. అప్పుడు పోశెట్టి వచ్చి మండుతున్న రేకుకి చేతి వెనక భాగం ఆనించి తీశాడు.

“రేకు జ్వరం మీదున్నది మేడం. గిప్పుడు పట్టీ ఏస్తే నిలుస్తదా?”

తర్వాత, ఆ కంపెనీ మనిషి నిలబడ్డ చోటే నిలబడి చూశాడు.

“ట్యాంకి గుండ్రం గదా. అక్షరాల తలకాయలు వంపు మీదికి ఎక్కినయ్. కిందికెల్లి చూసేటోనికి పొట్టిగనే కనవడతయ్.”

“మరి మీరు రాస్తే ఇలా కనిపించదేం?”

“మీదికి పోయిన కొద్ది గుంజుత.”

“ఎంత?”

“కన్ను జెప్పినంత.”

పదకొండేళ్ళుగా నా లేఅవుట్లని ఈ మనిషి నాకు తెలియకుండా సరిచేస్తున్నాడు. ఖాకా వేసేటప్పుడే అక్షరాన్ని సాగదీస్తున్నాడు. బోర్డు బాగుందని ఎవరన్నా పొగిడితే ఆ పొగడ్త నేను పుచ్చుకుంటున్నాను.

“నాకు నేర్పుతారా?” అన్నాను.

అతను ముందు రాజం వైపు చూశాడు, తర్వాత నా వైపు. “మీకా?”

“నాకే.”

“అయితే పొద్దుగాల అయిదింటికి రావాలె. ఎండెక్కినంక చెప్పేటందుకు ఏం ఉండది.”

మర్నాడు చీకటితోనే కంపెనీ వ్యాన్ పిలిపించుకుని వెళ్ళాను. రేకుని చేతి వెనకతో ముట్టుకోవడం, రాత్రి తేమని ముందు పొడిగుడ్డతోనూ తర్వాత టర్పెంటైన్ తడిపిన గుడ్డతోనూ తుడవడం, బండికి పది అడుగులు దూరం జరిగి మెడ ఎత్తి చూడడం. నేను బ్రష్షు ఒత్తి రంగు కారితే, “గంత గట్టిగ ఒత్తకుండ్రి. గోడకు సున్నమేస్తున్నరా?” అని కసిరాడు. నన్ను ఒకళ్ళు కసిరి చాలా ఏళ్ళయింది. కారిన రంగు తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను.

మూడో పొద్దున, నేను చుక్కలు కలుపుతుంటే అడగకుండానే చెప్పాడు.

“వాడు నా పెండ్లాం తమ్ముడు మేడం. బామ్మర్ది నవ్వుతె నవ్వనియ్యి, గది వాని హక్కు. నేను గూడ వాన్ని ఆడుకుంట. కని మీరు వాన్ని నాకు పంతులును జేసిండ్రు. శుక్రారం ఊరికి ఫోన్ జేస్తే వాడు ముందుగాల గదే చెప్తడు, బావకు వస్తలేదు, నేనే చూపిస్తున్న అని. ఆడ నా ఇంట్ల నా మాట నిలవాలెనా, వద్దా?”

రెండు కుర్చీలు పక్కపక్కన వేయించింది నేను. అతను చూపిస్తాడని లేచిపోయింది నేను. పైగా మనిషికి పొగరని పేరు పెట్టింది కూడా నేనే. క్షమాపణలు నాకు నోటికి రావు. పని మార్చాను.

ఆ సాయంత్రం నుంచి అద్దాల గదిలో పోశెట్టి ఒక్కడే. రాజాన్ని షెడ్డు అవతలి మూలకి, ఇద్రీస్ దగ్గరికి పంపాను. ఇద్రీస్ రాసిన అరబీని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. తన రాతని మిషన్ ముట్టుకోవడానికి వీల్లేదని అంతవరకూ భీష్మించుకుని కూర్చున్నవాడు, ప్రతి వంపూ తన కళ్ళముందు సరిచూడాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. ఒకే వంపుని తొమ్మిదిసార్లు చేయించాడట.

“మేడం, నన్ను తీస్కపోయి రాక్షసునికి అప్పజెప్పిన్రు!” అని రాజం వచ్చి మొత్తుకున్నాడు.

“నీ ఎలుక బతికే ఉందా?” అన్నాను. బావ పగలబడి నవ్వాడు.

పోశెట్టికి ఎవరూ చూడనప్పుడు మౌస్ లొంగింది. అక్షరాన్ని తెరవడం, సాగదీయడం, మిషన్‌కి పంపడం. అంతే నేర్చుకున్నాడు, అంతే కావాలి. నాలుగో సాయంత్రం మిషన్ కోస్తుంటే వంగి చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

“ఈ కత్తి ఊడదీసి పెన్ను వెట్టొచ్చునా మేడం?”

“ఎందుకు?”

“ఖాకా గీస్తది గదా. నాకు గళ్ళు గీసి పెద్దగ జేసుడే సగం దినం పట్టవట్టె.”

ఆ మిషన్ పుస్తకం నేను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. పెన్ను పెట్టుకునే గొట్టం మిషన్‌తో వచ్చిన పెట్టె అడుగున సంచి విప్పకుండా పడి ఉంది. కోసే మిషన్ కోయడానికే అనుకున్నాను తప్ప, పోశెట్టి సూదికి అది గీత గీసి పెట్టగలదని నాకు తట్టలేదు.

పెన్ను బిగించి గోధుమరంగు కాగితం చుట్ట ఎక్కించాం. పోశెట్టి తెర ముందు కూర్చుని, అక్షరాల తలల్ని పైకి లాగి, వెనక్కి జరిగి చూసి, మళ్ళీ లాగాడు. “ఆఁ, ఇగ చాలు,” అన్నాక మిషన్‌కి పంపాడు. పావుగంటలో గీత సిద్ధం. కాగితం వెడల్పు రెండడుగులే కనక పట్టీలుగా వచ్చింది. రాజం వాటిని టేపుతో అతికి బెజ్జాలు పొడిచాడు. అరబీ పట్టీల అతుకులో వెంట్రుకంత తేడా వస్తే ఇద్రీస్ విప్పించి మళ్ళీ అతికించాడు. ఖాకా ఒక్కటే, పన్నెండు బండ్లకీ. శాంపిల్ బండి మీద స్టిక్కరంతా గోకి తీసేసి, రోజూ తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా, రేకు చల్లగా ఉండగా బావా బామ్మర్దీ చెరోవైపు రాశారు. చిన్న గీతలు నాకూ వదిలారు. వారం తిరిగేసరికి నీళ్ళ కంపెనీ మనిషి ఆ బండి చూసి, మిగతా పదకొండూ పంపుతున్నానన్నాడు.

గడువు చివరికి కురియన్ మళ్ళీ పిలిచాడు.

“మిషన్ ఎవరు నడుపుతున్నారు మేడం? నాకు ఒక్క పేరు చెప్పండి.”

“ఇద్దరూ.”

“ఎంత సాగదీయాలో ఆ లెక్క ఇప్పుడు కంప్యూటర్లోనే ఉంది కదా. పోశెట్టి దేనికి?”

తెలివైన ప్రశ్నే. అందుకే గట్టిగా జవాబు చెప్పాను. “ఈ ట్యాంకర్ లెక్క ఉంది. రేపు వచ్చే బండికి వంపు వేరు, ఎల్లుండి బోర్డు మూడో అంతస్తు మీద. ఆ లెక్కలు మిషన్లో లేవు, నా డిగ్రీలో లేవు. ఉన్న మనిషిని విమానం ఎక్కించి, తర్వాత వచ్చే శాంపిళ్ళు గోకడానికి మనుషుల్ని పెట్టుకుంటారా?”

కురియన్ తలుపు తీసి, పోశెట్టి వీసా కాగితాలు రెన్యువల్ ఫైల్లో పెట్టమని క్లర్కుని కేకేశాడు.

అప్పటికి దోహాలో చాలా బోర్డుల షాపులకి ఈ మిషన్లు వచ్చేస్తున్నాయి. మలయాళీలు, బెంగాలీలు, పాకిస్తానీలు, చేయి తిరిగిన పెయింటర్లు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని ఊళ్ళకి పోతున్నారు. శుక్రవారం పొద్దున షెడ్డు తెరిచి, మిషన్‌తో ఖాకా గీసే పద్ధతి వాళ్ళకి చూపిద్దామని అడిగింది పోశెట్టే. మన రహస్యాలు పక్క కంపెనీకి పోతాయని కురియన్ అడ్డుపడ్డాడు. ఈ పదకొండేళ్ళూ మన రహస్యం మనకే తెలియలేదు కదా అన్నాను. ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఎంత తెలిసినవాడైనా నేర్చుకుంటాడు, కాకపోతే ఎవరి ముందు తెలియనివాడుగా కూర్చోబెడుతున్నామో చూసుకోవాలి. ఆ ఏడు నేను నేర్చుకున్నది అది. తర్వాత ఎందరికి పని నేర్పినా కుర్చీలు వేసే ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగాను.

మొదటి శుక్రవారం ఏడుగురు వచ్చారు. వాళ్ళలో గడ్డం నెరిసిన పాకిస్తానీ పెయింటర్ ఒకాయన తన తమ్ముణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే పోశెట్టి ఆ తమ్ముణ్ణి చేయి పట్టి ఇద్రీస్ దగ్గర దింపి వచ్చాడు. “ఆవో భాయ్,” అని అన్నని అద్దాల గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేశాడు.