సర్వేయరు తాగనన్న కల్లు

హాంకాంగ్‌ను తెల్లదొరలు చైనాకు అప్పగించబోతున్న ఏడాది నేను సాలూరు పైన కొండల్లో, ఆంధ్రా ఒడిశా రెండూ మాదంటే మాదని లాక్కునే ఒక ఊళ్లో ఉప్పూ కిరసనాయిలూ అమ్ముకునేవాణ్ని. ఆ వేసవిలో అక్కడ ఒకటే పుకారు: ఊరిని ఒడిశాకు ఇచ్చేస్తున్నారని.

సంతరోజు నా కొట్లో రేడియో వార్తలు చెబుతోంది. జనం మూగారు. పాత పద్ధతులేవీ మారవు, భయపడకండని రెండు దేశాల పెద్దలూ హాంకాంగ్ వాళ్లకు మాటిచ్చారట. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఆ హాంకాంగ్ ఓడరేవులో పనిసేసినోణ్ని నేను. దొర నా భుజం మీద సెయ్యేసి, మీవోలకి దైర్యం సెప్పవోయ్ అన్నాడు."

నేను చూసిన ఓడరేవు విశాఖపట్నం. అదీ గేటు బయటినుంచి.

ఊరిపెద్ద ముసలాయన అడిగాడు. "సావుకారూ, ఆ ఊరోలని అడిగినారేటి?"

"ఎవుడడుగుతాడు? గొర్రినడిగి సంతలో అమ్ముతామేటి?"

నా మాటకు నేనే నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే జీపు దిగాడు సర్వేయరు. సంత నడిమధ్య గొలుసు పరిచాడు.

"ఏటి కొలుత్తన్నావు?" అన్నాడు ముసలాయన.

"రోడ్డు వెయ్యడానికిరా. తప్పుకో."

"రోడ్డు కాదు, మనల్ని కోసి పంచీడానికే!" అని ఎవడో అరిచాడు. మొదటి రాయి సర్వేయరు నుదుటిమీద పడింది. ఆ తర్వాత పిడికిళ్లు, కావిడిబద్దలు. అతని గొలుసుతోనే అతని వీపు చీల్చారు. డ్రైవరు జీపులో దూరి తలుపులు బిగించుకున్నాడు. ఒకడు గొడ్డలి ఎత్తాడు.

నేను ఎగిరి ఆ చెయ్యి పట్టుకున్నానని, ఇదిగో మచ్చ అని ఇన్నేళ్లూ మనవలకు చూపిస్తూ వచ్చాను. మచ్చ పనసకాయ కోసినప్పటిది. నేను బియ్యం బస్తాల వెనక ఉన్నాను.

అడ్డం పడ్డది ముసలాయన. సొరబుర్రనిండా జీలుగు కల్లు ముంచి, తానొక గుక్క తాగి, సర్వేయరు నోటికి పెట్టాడు. ఒకే బుర్రలో తాగినవాణ్ని ఆ పూట ఎవరూ ముట్టకూడదు, వాడు పగవాడైనా సరే. అది అక్కడి కట్టుబాటు. సర్వేయరుకు అదెలా తెలుస్తుంది? కల్లు, అందులోనూ ఎంగిలి. పళ్లు బిగించి మొహం తిప్పుకున్నాడు.

"సూసినారా! మన కల్లు ముట్టడు!"

కావిడిబద్ద మూతిమీద పడింది. ముందుపళ్లు మట్టిలో రాలాయి. గొడ్డలి మళ్లీ లేచింది.

"తాగీండి బాబూ! బేగి తాగీండి, సంపేత్తారు!" అని బస్తాల వెనకనుంచి అరిచాను. ఇది మాత్రం నిజం.

అతను నోరు తెరిచాడు. కల్లూ నెత్తురూ కలిసి గొంతులోకి దిగాయి. ఎత్తిన గొడ్డలి కొట్టకుండానే దిగింది. బద్దలు ఒక్కొక్కటే దిగాయి.

ముసలాయన అతని రెక్క పట్టుకుని జీపుదాకా నడిపించాడు. ధైర్యం వచ్చింది కనక నేనూ వెళ్లాను.

"ఈయేళ నిన్నెవుడూ ముట్టుకోడు. ఇప్పుడు సెప్పు, మమ్మల్ని ఎవుడికిచ్చేత్తన్నారు?" అని అడిగాడు ముసలాయన.

సర్వేయరు నెత్తురు ఉమ్మాడు. "రోడ్డుకే..." అనబోయి, ముసలాయన మొహం చూసి ఆగాడు.

"తెలీదు నాయనా. మాకూ ఎవరూ చెప్పరు."

ఆ రోజు సంతలో విన్న మాటలన్నిటిలో ముసలాయన నమ్మింది ఆ ఒక్కదాన్నే. డ్రైవరును గద్దించి జీపు తలుపు తెరిపించాడు.