తెల్లచీర ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీరందరూ నన్ను నవ్వించే మనిషిగానే ఎరుగుదురు, నేను నోరు తెరిస్తే ఆళ్లగడ్డ బస్టాండులో బస్సులు కూడా ఇంజన్లు ఆపి వింటాయని మా ఆయన అంటుంటాడు. అయితే ఆ నోటితో ఒక్క మాట మాత్రం ఏళ్ల తరబడి చెప్పలేక, భయంతో చచ్చి బతికాను. ఆ మాట ఈరోజు మన సంఘ పత్రికలో రాసి చెబుతున్నాను, దేవునికే మహిమ!

నెలసరి వచ్చిందంటే చాలు, నా పొత్తికడుపులో మన ఊరి శిల్పులంతా ఉలీ సుత్తీ పట్టుకొని కూర్చునేవారు, ఒకరూ ఇద్దరూ కాదు, మొత్తం వీధి! ఏ ఏనుగు విగ్రహానికో ఆర్డరు వచ్చినట్టు పొద్దస్తమానం చెక్కేవారు. రక్తమా, కుందూనదికి వరదే! అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు.

నేను కుట్టుపని చేసుకునేదాన్ని. మన సంఘంలో సగం మందికి తెల్ల జాకెట్లు కుట్టేది నేనే. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకొని వరుసగా ముందుకు నడుస్తారు. నేను కుట్టిన జాకెట్లు గుడికి పోతుంటే నేను కిటికీలోంచి చూసేదాన్ని. అందరి ముందూ నడుస్తుండగా వెనక మరక పడితే? అందుకని మొదటి ఆదివారం రాగానే ఒకసారి తలనొప్పి అన్నాను, ఒకసారి కాలు బెణికిందన్నాను, ఒకసారి మేక తప్పిపోయిందన్నాను, మాకు అసలు మేకే లేదు!

ప్రభువు బల్లకు రాని మనిషిని గురించి సంఘం ఏమనుకుంటుంది? ఏదో దాచిన పాపం ఉందనుకుంటుంది. అత్తతో మాటల్లేవని ఒకరన్నారు, మా అత్త కన్నుమూసి ప్రభువు సన్నిధికి వెళ్లి ఎంతో కాలమైంది! చివరికి సంఘపెద్ద భార్య కరుణమ్మక్క మా ఇంటికే వచ్చి, మెడలో కొలతల టేపుతో ఉన్నదాన్ని ఉన్నట్టే పట్టుకుంది.

“ఏందమ్మే, మొదటి ఆదివారమే నీకు యాడలేని రోగాలొస్తాండాయి? బల్లకాడికి రాలేకపోతాండావంటే లోపల ఏందో ఉండాది. ఒప్పుకో, తేలికయితాది.”

లోపల ఉన్న మాట నిజమే! కానీ నేను “కడుపునొప్పిక్కా” అని మాత్రమే అన్నాను. ఆమె వాము నీళ్లు తాగమంది, ఉపవాస కూడికలో నా అజీర్ణం కోసం అందరి చేతా గట్టిగా ప్రార్థన చేయించింది. ఆ ప్రార్థనలకు నా జీర్ణశక్తి ఎంత బలపడిందంటే రాళ్లు తిన్నా అరిగేవి, నొప్పి మాత్రం అలాగే ఉంది!

ఒకరోజు మిషను మీదనే తెలివి తప్పి పడ్డాను. మా ఆయన నన్ను నంద్యాల బస్సెక్కించాడు. ఆ దారిలో ఎన్ని గుంతలున్నాయో నా పొత్తికడుపును అడగండి, ఒక్కొక్క దాని పేరు చెబుతుంది. అక్కడ ఆసుపత్రిలో స్కానింగు చూసి, రెండు అండాశయాల మీదా గడ్డలున్నాయన్నారు. సహోదరులారా, గడ్డ అన్న మాట వినగానే నా నవ్వులన్నీ ఆరిపోయాయి. మా అమ్మను తీసుకుపోయింది కడుపులో గడ్డే.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. “చూడమ్మా, గర్భసంచి లోపల ఒక పొర ఉంటాది. అట్లాంటి కణాలే నీకు సంచి బయట, అండాశయాల మీద, పేగుల మీద మొలిచి పెరుగుతాండాయి. నెలనెలా లోపలి పొర మాదిరే అవీ రక్తం కారుస్తాయి. ఆ రక్తానికి బయటికి దోవ లేదు. అందుకే ఆ నొప్పి, ఆ గడ్డలు. ఎండోమెట్రియోసిస్ అంటారు దీన్ని.”

“పక్క చేని విత్తనం మన చేలో పడి మొలిచినట్టా మేడమ్?” అన్నాడు మా ఆయన.

“అట్లనే అనుకోప్పా.”

“క్యాన్సరా?” అన్నాను నేను.

“చానా మందికి కాదు. కానీ ఆపరేషన్ చేసి, ముక్క పరీక్షకు పంపకుండా నేను మాటియ్యలేనమ్మా.”

ఇంత చెప్పినా నా చెవిలో మిగిలింది ‘పెరుగుతాండాయి’ అన్న ఒక్క మాటే! కూర్చుంటే పెరుగుతున్నట్టు, నిలబడితే పెరుగుతున్నట్టు, మా పాపకు జడ వేస్తుంటే నా వేళ్ల కింద కూడా ఏదో పెరుగుతున్నట్టు! ఈ జడ ఇంకెన్నాళ్లు వేస్తానో అనుకుంటూ విప్పి మళ్లీ వేసేదాన్ని. ప్రార్థించబోతే మాటలు రాలేదు, నాకు, మాటలు రాలేదు!

ఆపరేషనుకు ముందురోజు కరుణమ్మక్క క్యారియరు పట్టుకొని నంద్యాలకు వచ్చింది. అప్పుడు అంతా చెప్పేశాను, నెత్తురు సంగతి, తెల్లచీర సంగతి, లేని మేక సంగతి.

“ఇన్నేండ్లు ఈ మాట యాడ దాచిపెట్టుకున్యావే?” అంది.

“ఆడనే అక్కా, పేగుల మీద.”

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. మంచం పక్కనే మోకాళ్లూని ప్రార్థించింది. “ప్రభువా, ఈ బిడ్డలో పాపం ఎతికినా గానీ నొప్పి ఎతకలేదు. నన్ను క్షమించు తండ్రీ. దీన్ని బతికించు.”

మరునాడు నన్ను థియేటరుకు తీసుకుపోతుంటే, అన్నం ముందు తప్ప ఎన్నడూ పైకి ప్రార్థించని మా ఆయన నా చెయ్యి పట్టుకొని ఇలా అన్నాడు. “నాయనా, దీని నోరు కాసేపు మూతబడితే బాగుండని చానాసార్లు అనుకున్యా. ఇట్ల గాదు నాయనా, ఇట్ల గాదు.”

ఆ ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా ఫోను మోగితే చాలు, నా గుండె గడివేములకు పారిపోయి తిరిగివచ్చేది. క్యాన్సరు కాదన్నారు! దేవునికి వేలాది స్తోత్రాలు! అయితే నిజం చెప్పాలి, మళ్లీ మొలవదని ఎవరూ మాట ఇవ్వలేదు. మాత్రలు వాడుతున్నాను, నొప్పి చాలా తగ్గింది, భయం ఇంకా అప్పుడప్పుడూ తలుపు తడుతుంది.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం తెల్లచీర కట్టాను. గుడిలో వరుస కదిలేసరికి కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. వెనకనుంచి కరుణమ్మక్క చెవిలో అంది. “నువ్వు ముందు నడువుమ్మే. నీ ఎనక నేనుండా.” నా కుచ్చిళ్లు తొక్కేంత దగ్గరగా నడిచింది. ఆమె వెడల్పు మీకు తెలుసు కదా, వెనకవాళ్లకు నేనే కాదు, బల్లా పాస్టరుగారూ కూడా కనిపించి ఉండరు! ఏళ్ల తర్వాత ఆ రొట్టె ముక్కను నాలుక మీద పెట్టుకొని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

అమ్మా, అక్కా, ఇది చదువుతూ పొత్తికడుపు పట్టుకున్న చెల్లీ, దాన్ని అజీర్ణం అనకు. వాము నీళ్లు చాలనుకోకు, డాక్టరు దగ్గరికి పో, దేవుణ్ని నమ్ము, ఆయనకు చెప్పడానికి సిగ్గుపడాల్సిన నొప్పి లేనే లేదు! మొదటి ఆదివారం కాళ్లు కదలకపోతే నాకు ఒక్క మాట చెప్పు. నువ్వు ముందు నడువు. నీ వెనక నేనుంటాను, ప్రభువు దయవల్ల వెడల్పులో నేనూ తక్కువేమీ కాదు!