తెల్లగుడ్డకు అంటిన మసి

మా నాన్నకు బజారులో తెల్లగుడ్డ మేస్త్రి అని పేరు. నల్లరాయి కోసి, నునుపు పట్టి, ఇళ్ళలో వంటగట్లూ మెట్లూ పరవడం ఆయన పని. పనికి వంక పెట్టలేం. గట్టు అంచు కింద, నీళ్ళు అలమారలోకి కారకుండా సన్నటి గాడి కోస్తారు. అందరూ దాన్ని గోడదాకా లాగేస్తే, నాన్న బెత్తెడు ముందే ఆపి బయటికి వంపు తిప్పేవాడు. అది తన సంతకమని గొప్పలు పోయేవాడు.

మనిషితోనే చిక్కు. ముక్కు మీద కోపం, నాలుక మీద విషం. ఎవరింటికి పిలిచినా జేబులోంచి తెల్లగుడ్డ తీసి, రంగు ఊడదీసే థిన్నర్‌తో తడిపి, వాళ్ళ నల్లరాయిని బరబరా రుద్దేవాడు. అసలు నలుపైతే గుడ్డ తెల్లగానే ఉంటుంది. బూడిదరంగు రాయికి నూనె కలిపిన రంగు పట్టించి నల్లదని అమ్మి ఉంటే మసి అంటుతుంది. అంటిందా, ఇల్లుగలాయన పని అయిపోయినట్టే. "ఏ దొంగవెధవ అంటగట్టాడయ్యా నీకిది?" అని పెళ్ళాంబిడ్డల ముందు కడిగేసేవాడు.

ఈ గుడ్డ పిచ్చి చిన్నాన్న వెళ్ళిపోయాక పట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో పనిచేసేవారు. ఒకావిడ తన గట్టు మీద నిమ్మరసం పడ్డచోటల్లా వెలిసిపోయిందని గొడవకొచ్చింది. నాన్న పనివాళ్ళందరి ముందూ చిన్నాన్న మెడ పట్టుకుని, "వీడే! నాకు తెలీకుండా రంగు పూశాడు" అని గేటు బయటికి నెట్టాడు.

చిన్నాన్న చొక్కా సర్దుకున్నాడు. "అన్నయ్యా, నా నోటితో చెప్పించకు" అన్నాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. నాకు సైకిల్ నేర్పిన మనిషి. ఆయన మాటెత్తితే ఇంట్లో కంచాలు ఎగిరేవి.

నేను పెళ్ళి చేసుకోవాలనుకున్నతను నాతోపాటు మందుల షాపులో పనిచేసేవాడు. తండ్రి పోయాడు, తల్లి ఉంది. మాట్లాడుకుందాం రమ్మని ఆవిడ మమ్మల్ని పిలిచింది. నాకు ఆ ఇల్లు కావాలి, అతను కావాలి. అందుకే బయల్దేరేముందు నాన్న జేబు వెతికి గుడ్డా థిన్నర్ సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ మహానుభావుడు లోపలి జేబులో ఇంకో జత పెట్టుకున్నాడని నాకేం తెలుసు?

టీ తాగడం అవుతూనే నాన్న లేచి వంటగదిలోకి నడిచాడు. "నాన్నా, వద్దు" అంటూ వెంటపడ్డాను. అప్పటికే రుద్దడం మొదలైంది. గుడ్డ నల్లగా మారింది. ఆయన మొహం పండగలా వెలిగింది.

"చూశావా చెల్లెమ్మా? రాయి దొంగరాయి. ఇంత మోసాన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు మాటేం నిలబెట్టుకుంటారు?"

అంటూనే, అలవాటుకొద్దీ, బొటనవేలు అంచు కిందికి పోనిచ్చి గాడి వెంట జరిపాడు. గోడకు బెత్తెడు ఇవతల వేలు ఆగింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

అతని తల్లి స్టవ్ కట్టేసి ఇటు తిరిగింది. "మీరే వేశారు అన్నయ్యగారూ. మా ఆయన ఉన్నప్పుడు. ఎన్నో ఇళ్ళు చేసుంటారు, మీకు గుర్తుండదు. మొదటి ఏడాదే వెలిసిపోవడం మొదలెట్టింది. పిల్ల బంగారం, రాయితో మనకేం పనిలే అనుకున్నా."

"అది... అది మా తమ్ముడి పని" అన్నాడు నాన్న.

అంతదాకా గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముందుకొచ్చింది. "గురివింద గింజ తన నలుపెరగదంటారు. నువ్వు ఎరిగి కూడా ఊరిమీద పడి ఏడుస్తున్నావు. ఆ మసి చొక్కాలు ఉతికింది నేను. నీ చొక్కాలే ఉతికాను, మీ తమ్ముడివి కాదు."

నాన్న ఎవరి మొహమూ చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నాకు జాలి కలగలేదు. ఒళ్ళు మండింది, అంతే.

పెళ్ళి ఆగలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే, ఆ నోటిని మాత్రం మా ఇంటికి తేవద్దని. మర్నాడే చిన్నాన్న ఇంటికి వెళ్ళాను. పెళ్ళిలో నాన్న నిలబడాల్సిన చోట ఆయన నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ గట్టు మీదే వండుతున్నాను. చాలా చోట్ల బూడిదరంగు తేలింది. మొన్న పొద్దున నాన్న మా గేటు ముందు ఆటో ట్రాలీ ఆపించాడు. అందులో గోనెపట్టాలు చుట్టిన కొత్త నల్లపలక.

"అసలుదే అమ్మా. రుద్ది చూసుకో" అని జేబులోంచి గుడ్డ తీసి గేటు సందులోంచి అందించాడు.

నేను తీసుకోలేదు. "ముందు చిన్నాన్న ఇంటికెళ్ళు. పనివాళ్ళ ముందు గెంటావుగా, ఆ పనివాళ్ళ ముందే తప్పు నాదని చెప్పు. తర్వాత ఇక్కడికి రా."

"చిన్నవాడికి నేను చెప్పుకోవాలా?"

"అయితే పలక తీసుకుపో."

ఆటో కదిలిన చప్పుడు వినిపించింది. వీధి చివర కుడివైపు తిరిగితే చిన్నాన్న ఇల్లు, ఎడమవైపు నాన్న షెడ్డు. ఎటు తిరిగాడో చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడకుండా తలుపేశాను.