పోలేరమ్మత్త పీత

మగవాడు తుమ్మితే మా పోలేరమ్మత్త ఆగదు. వాడు వల బాగుచేసుకుంటున్నా, అన్నం తింటున్నా ఆమెకి అనవసరం. నెత్తిమీద చేపల గంప దించకుండానే బొడ్లోంచి పీత తీసి వాడి వేలికి తగిలిస్తుంది.

పీత అంటే ఊపిరి ఎలా అందుతోందో చూసే ఆక్సీమీటరు. కరోనా ఏడాది ఎవరో పంచితే వచ్చింది. వేలు కరుచుకుంటుంది కాబట్టి మా పాలెంలో దానికి ఆ పేరే ఖాయమైపోయింది.

ఆమెకి కుదురంటూ లేదు. కాలుగాలిన పిల్లిలా పాలెమంతా తిరుగుతుంది. తిరిగిన ప్రతి ఇంట్లో, మగాడి వేలు చూడగానే "దాహమే తల్లీ!" అంటూ వంటింట్లోకి పోతుంది. ఇరవై ఇళ్ళకి ఇరవై చెంబుల నీళ్ళు. "ఇది కడుపా, కండలేరు డ్యామా?" అంటాడు మా నాన్న చిన్నపోలయ్య. ఆయనకి స్వయానా చెల్లెలు కదా, ఎంతైనా అనొచ్చు.

ఓసారి నేనే అడిగాను. "మగాళ్ళ వెంటే ఎందుకు పడతావత్తా?"

"నర్సమ్మ మీటింగులో చెప్పిందిరా వినోదా. మొగోళ్ళ హార్మణి మంచిది కాదంట. జొరమొస్తే ముదరబెడతాదంట. ఆడోళ్ళ హార్మణి కాపు కాస్తాదంట."

"హార్మణి అంటే భజనలో వాయించే పెట్టె అత్తా. ఇది హార్మోను, ఒంట్లో ఊరేది."

"నాకు చెప్తావా? ఊపిరికి తిత్తులుండాయా లేదా? హార్మణికి తిత్తులుండాయా లేదా? రెండూ ఒకటే!"

దీనికి జవాబు మా కావలి కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

మొన్న చలికాలం పాలెమంతా జ్వరాలు. మా నాన్న మూడుసార్లు తుమ్మి, పడవ మునిగినంత గోల చేసి మంచమెక్కాడు. అమ్మ ఆయనకి కషాయాలు కాచి పోస్తూ, నాలుగు రోజులుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఏందమ్మా అంటే "పొగరా" అంది. నేను నమ్మాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకంటే మాది గ్యాసు పొయ్యి.

చుట్టాల పెళ్ళికి తడ పోయిన అత్త ఆ రోజే బస్సు దిగింది. సరాసరి మా ఇంటికొచ్చి నాన్నకి పీత తగిలించింది.

"తొంభై ఎనిమిది! అన్నా, నీ హార్మణి శ్రుతిలోనే ఉండాది. మూలగబాక. వదినా, దాహం!"

లోపలికి పోయింది. ఎంతకీ రాలేదు. ఉన్నట్టుండి కేక. "ఒరే వినోదా, ఆటో!"

పీత అమ్మ వేలికుంది. ఎనభై ఎనిమిది.

"నాకేం లేదు మే, ఊరికే పొగ..." అంటోంది అమ్మ. ఆ మాట పూర్తి చెయ్యడానికే రెండుసార్లు ఊపిరి తీసుకుంది. నేను ఆటో కోసం పరిగెత్తాను.

కావలి ఆసుపత్రిలో వారం రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంకొక్క రోజు ఆగుంటే చెప్పలేమన్నాడు డాక్టరు. అమ్మని చూడటానికొచ్చిన మా పాలెం నర్సమ్మ కరుణాకుమారి నాతో అంది. "మీటింగులో మగవాళ్ళ సంగతొకటే కాదు, ఇంకో మాట కూడా చెప్పినాను. ముట్టు ఆగినాక ఆడవాళ్ళకి ఆ కాపు తగ్గొచ్చంటున్నారు, జాగ్రత్త అని. అది విన్నది మీ అత్తొక్కతే."

అత్తని నిలదీశాను. "మరి ఊరంతా మగాళ్ళ హార్మణి అని ఎందుకు టాంటాం వేశావు?"

"ఆడోళ్ళు వాకిట్లో వేలు చూపిస్తార్రా? నాకేం రోగం అంటారు. మొగోడి వేలు పట్టుకుంటే ఇంట్లో అడుగు పెట్టనిస్తారు. దాహమంటే చెంబిస్తారు. చెంబుతో పాటే చెయ్యి కూడా వస్తాది కదా!"

పాలెంలో ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసట. మా మగాళ్ళకే తెలీదు. ఆ రోజు అమ్మ తెలివిగా చెంబు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టిందట. అక్కడే దొరికిపోయింది.

పోయిన వారం నాన్న మళ్ళీ తుమ్మాడు. తుమ్ము ఆగేలోపే గుమ్మంలో పీతతో సహా అత్త. నాన్న చెయ్యి దుప్పట్లో దాచుకున్నాడు.

"ముందు లోపలికి పోయి నీళ్ళు తాగిరా మే. నా వేలు యాడికి పోద్ది?"