కింది చేనివాళ్లు పేర్చిన మరవలు

1986 వేసవిలో నన్ను భూసంరక్షణ సహాయకుడిగా పావగడ తాలూకాకు వేశారు. వై.ఎన్.హొసకోట హోబళిలో (ఫిర్కాను అక్కడ అలా అంటారు) ఒక ఊరి వాలు చేలకు మట్టి కట్టలు వేయించడం నా పని. అక్కడ కరువు ఎంత మామూలో, వచ్చిన ఒక్క వానకు ఎర్రమట్టి వంకలో కొట్టుకుపోవడమూ అంతే మామూలు. ఇలాగే పోతే వేరుశనగ వేరూనడానికి మట్టే మిగలదని రైతులు భయపడుతున్నారు.

నియమం ప్రకారం కట్ట కాంటూరు మీద, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత మీద పోవాలి. ఎత్తుపల్లాలు చూపే డంపీ లెవెల్ పెట్టి వారం రోజులు ఎండలో కొలిచి, సున్నంతో గీత గీయించాను. పొలం గట్లతో సంబంధం లేకుండా అది చేల నడుమ వంకర్లు తిరిగింది. నాకైతే ముచ్చటేసింది. మర్నాడు ఊళ్లో ఒక్కరూ పార పట్టలేదు. చేను ముక్కలవుతుందని, విత్తనం గొర్రు తిప్పడానికి చోటుండదని వాళ్ల అభ్యంతరం. మొండి మనుషులని పై అధికారికి రాయడానికి కాగితం కూడా తీశాను.

ఆ పూట హనుమక్క అనే రైతు నా దగ్గరకు వచ్చింది. ఆమె చేను అన్నిటికన్నా దిగువన, వంక పక్కన ఉంది. పైచేల నీళ్లన్నీ దాని మీదే పడేవి. కట్ట పాత గట్ల మీదే వేయమంది. ఎక్కువైన నీళ్లు దిగడానికి రాళ్లు పేర్చి వదిలే దారిని అక్కడ మరవ అంటారు. దాని గురించి ఊరి కట్టుబాటు ఒకటి చెప్పింది.

"మరవ పైచేనోడు కట్టకూడదు సార్. కింద చేనోడే పేర్చుకోవల్ల. తెగితే మునిగేది వాడే గదా."

కట్టలు పాత గట్ల మీదే వేయించడానికి ఒప్పుకున్నాను. గీత మార్చినందుకు సంజాయిషీ నేనే ఇస్తానని కొలతల పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ఉద్యోగానికి ముప్పు రావచ్చని తెలుసు. అయినా పంతం పూర్తిగా చావక, ఎగువన ఉన్న సర్కారు బీడులో నా కాంటూరు కట్ట ఒకటి, బయటి కూలీలతో, మరవతో సహా వేయించాను. ఊరివాళ్లు మాత్రం గుట్ట నుంచి ఎద్దుల బండ్ల మీద రాళ్లు తెచ్చుకుని, ఎవరి పైగట్టుకు వాళ్లే మరవ పేర్చుకున్నారు. ఒక్కో రాయిని తట్టి, కదిపి చూసి పెట్టడం నేను దగ్గరుండి చూశాను.

ఉత్తర కార్తెలో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. మర్నాడు హనుమక్కతో కలిసి కింది నుంచి పైదాకా నడిచాను. ప్రతి మరవలోనూ నీళ్లు తేరుకుని దిగుతున్నాయి, మట్టి చేలోనే ఆగింది. ఆమె వేరుశనగలో ఒక్క సాలు కూడా కోసుకుపోలేదు. తెగింది ఒక్కటే, బీడులో నేను వేయించినది. అందులోంచి ఉరికిన నీళ్లను కూడా వాళ్ల మొదటి గట్టే ఆపింది.

కొలత ఎక్కడ తప్పిందో చూద్దామని నేను వంగితే, హనుమక్క నెమ్మదిగా అంది.

"కొలత తప్పలేదులే సార్. దాన్ని పేర్చినోళ్లకు కింద చేను లేదు, అంతే."

నా కట్ట ఓడిపోయినా, నా ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు మరొకటి లేదు. తనిఖీకి వచ్చిన అధికారి ఈ నమూనా ఎవరిదని అడిగితే ఆమెను ముందుకు పిలిచాను. సంజాయిషీ ఎవరూ అడగలేదు. ఆ తరువాత ఏ తాలూకాకు బదిలీ అయినా, లెవెల్ పెట్టె తెరవకముందే అన్నిటికన్నా దిగువ చేను ఎవరిదో కనుక్కుని, మొదట వాళ్ల దగ్గరకే వెళ్లేవాణ్ణి.