ఎర్ర పెన్సిల్ పడని పేజీలు

మా పక్కింటి మామ పోయారు. పోయిన సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ రామంతాపూర్ దగ్గర షేర్ ఆటోలో ఉండగా ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే ఆమె, ఫోన్ చేసింది. "మీ మామ లేడు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఆటో దిగి చాలాసేపు రోడ్డు పక్కనే నిలబడిపోయాను. ఏడుపు కూడా వెంటనే రాలేదు.

మాకు రక్తసంబంధం లేదు. నాచారంలో వాళ్ళింటికీ మా ఇంటికీ ఒకటే గోడ, అంతే. మామ మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్. మిషన్ల మీద లాట్లు లాట్లుగా తయారైన ఇనుప ముక్కలను కొలిచి, సరిగ్గా లేనివాటికి ఎర్ర రంగు పూసి పక్కన పెట్టడం ఆయన పని. ఆ బుద్ధి ఇంటిదాకా వచ్చేది. తోపుడుబండి దగ్గర టమాటాలు ఒక్కొక్కటే తిప్పి చూస్తుంటే బండివాడు "మామా, ఇది కంపెనీ గాదు, జర జల్ది కానియ్" అని విసుక్కునేవాడు. మామ మాత్రం తొందరపడేవారు కాదు.

నేను తెలుగు మీడియంలో పదో తరగతి రాసిన ఎండాకాలం అది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలని నా పట్టుదల. కాలేజీ తెరవగానే ఒక పరీక్ష పెడతామని, నెగ్గినవాళ్ళకే ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ సెక్షన్‌లో చోటని చెప్పారు. "నెగ్గకపోతే సీఈసీల జేరు, మల్ల ఏడ్వొద్దు" అన్నాడు నాన్న. కోచింగ్ మాటే లేదు. పాత ఇంగ్లిష్ మీడియం ఇంటర్ పుస్తకాలు తెచ్చుకొని సొంతంగా చదవాలి. మా రేకుల గది మధ్యాహ్నానికి పెనంలా కాలేది. అది చూసి మామ వాళ్ళ మెట్ల కింద నాకొక బల్ల వేసి టేబుల్ ఫ్యాన్ పెట్టారు.

ఆయన చదివింది ఏడో తరగతి. నా లెక్కలు ఆయనకు అర్థం కావు. అయినా రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి అడిగేవారు: "ఇయ్యాల ఎన్ని పోయినయ్?" ఎన్ని తప్పాయనే గానీ, ఎన్ని చేశావని ఏనాడూ అడగలేదు. తప్పు లెక్కను రబ్బరుతో చెరపకూడదు, కాగితం చింపకూడదు. ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి, ఎక్కడ తప్పిందో పక్కన రాయాలి. "పోయిన పీసు పారేస్తే యాడ పోయిందో ఎట్ల తెలుస్తది?" అనేవారు. మొదటి వారం నా నోట్‌బుక్ నిండా ఎరుపే. నాకు తలకొట్టేసినట్టు ఉండేది, ఆయనేమో తృప్తిగా తలూపేవారు. ఇప్పుడు ఆఫీసులో, నా తప్పు నేనే ముందు చెబుతానని నాకు పేరుంది. అది ఆయన నేర్పిన బుద్ధి.

మే చివర్లో నారపల్లిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి మూడు రోజులు పోగొట్టుకున్నాను. వెక్టార్ల పాఠం ఒక్క ముక్క అర్థం కాలేదు. పరీక్ష దగ్గరికొచ్చేసింది. సీఈసీ తప్పదేమోనన్న భయంతో స్నేహితురాలి గైడ్ ముందు పెట్టుకొని పాఠం మొత్తం దింపేశాను.

ఆ సాయంత్రం మామ పేజీలన్నీ తిప్పారు. మళ్ళీ మొదటికి వచ్చి తిప్పారు.

"ఒక్కటి గూడ పోలేదా?"

"ఈ పాఠం అల్కగ ఉంది మామా."

"ముప్పై ఏండ్ల నౌకరీల ఒక్క రిజెక్టు లేని లాటు నేను సూడలె బిడ్డా" అన్నారు. గొంతులో కోపం లేదు. నోట్‌బుక్ మూసి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. నాన్నతో చెప్పలేదు. తిట్టినా బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను.

ఆ పాఠం ప్రశ్నలు వదిలేసి కూడా పరీక్ష నెగ్గాను. మామ జిలేబీ తెచ్చి గల్లీ అంతా పంచారు. "మా పిల్ల సొంతంగ సదువుకున్నది" అని కనబడినవాళ్ళందరికీ చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. ఇంజనీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది. ఆ లెక్కల జోలికి మాత్రం మళ్ళీ పోలేదు. కలిసినప్పుడల్లా నిజం చెప్పేద్దామనుకొని, వేరే కబుర్లు చెప్పి వచ్చేసేదాన్ని.

ఆయన్ని చివరిసారి చూసింది ఉప్పల్‌లో, ఆసుపత్రి మంచం మీద. ఊపిరితిత్తులు పాడై ఒక్కో మాటకూ ఆగుతున్నారు. అత్త టీ కోసం బయటికి వెళ్ళినప్పుడు చెప్పాను.

"మామా, ఆ ఎండాకాలం ఆఖరి పాఠం నేను గైడ్ల సూసి రాసిన."

"ఎరుకే" అన్నారు. కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఆ లెక్కలు మల్ల జేసినవా?"

లేదు. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా చేయలేదు.

"చేసిన మామా" అన్నాను.

పోయే మనిషితో, తెలిసి తెలిసి మళ్ళీ అబద్ధమాడాను. నమ్మారో లేదో నాకిక ఎప్పటికీ తెలియదు. ఆయన నా ముఖం చూడలేదు. దుప్పటి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని, మందం చూస్తున్నట్టు మెల్లగా జరుపుతూ ఉన్నారు. నర్సు వచ్చి నన్ను బయటికి పంపేదాకా ఆ వేళ్ళు ఆగలేదు.