ఎడమ బూటులో ఎర్ర కార్డు

నేను కరెంటు పనివాణ్ణి. మోటారు దానంతటదే తిరిగితే వైరు వెతుకుతాను గానీ మంత్రగాణ్ణి వెతకను. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను చూసి జాలిపడేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా ఇల్లు భిలాయి స్మృతి నగర్‌లో. పోయిన ఏడాది మా అమ్మాయి శిరీష లా కాలేజీ ఎంట్రన్సుకు చదువుతోంది. ఆ పరీక్షలో ఒక పేరా, ఒక సూత్రం ఇస్తారు. అందులో ఉన్నదానితోనే జవాబు చెప్పాలి. మనకు తెలిసింది, మనం ఊహించింది కలిపితే తప్పు. ప్రతి మాక్ టెస్టులోనూ అమ్మాయి అక్కడే దెబ్బతినేది. నేను పక్కన కూర్చుని, "ఎవడు దొంగలాగున్నాడో ముందు పట్టుకో. ఆన్సరు అదే వత్తాది" అని నేర్పేవాణ్ణి. మార్కులు ఇంకా తగ్గాయి.

"అరే నాన్నా, మీరెళ్ళి టీవీ చూసుకోండి" అంది. మర్నాటి నుంచి పొద్దున్నే కాలనీ రీడింగు రూముకి వెళ్ళడం మొదలుపెట్టింది.

రెండు వారాల్లో మార్కులు పెరిగాయి. తన పేపరు తీసి చూస్తే, కొన్ని ఆప్షన్ల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న సున్నాలున్నాయి.

"ఇవేటమ్మా?"

"రీడింగు రూములో ఒక తాతయ్య చెప్పారు. పేరాలో కనబడనిదాని పక్కన సున్నా పెట్టెయ్యమన్నారు. ట్రిక్ క్వశ్చన్ అంటే అంతేనట, మనం చూడనిదాన్ని చూశామనుకోవడం. ఏక్‌దమ్ ఈజీ నాన్నా!"

అలా సున్నాలు పెట్టే మనిషి నాకు జీవితంలో ఒక్కడే తెలుసు.

అతని పేరు అప్పారావు. మా ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే. ఒక చిన్న ప్రైవేటు వర్క్‌షాపులో కలిసి పనిచేశాం. షిఫ్టు దిగేముందు ఆ పూట సంగతులు రిజిస్టరులో రాయాలి. తను కళ్ళారా చూడని ప్రతి సంగతి పక్కనా అప్పారావు చిన్న సున్నా పెట్టేవాడు. "సున్నాగాడొచ్చాడ్రా" అని వెక్కిరించేవాళ్ళం. నవ్వేవాడు, మానేవాడు కాదు. నాలుగేళ్ళ కిందట జబ్బు చేసి పోయాడు. నేను చూడ్డానికి వెళ్ళలేదు. మొహం చెల్లలేదు.

సున్నాలు ఎవరైనా పెట్టవచ్చు అనుకున్నాను, అమ్మాయి నోటుబుక్కు తిరగేసేదాకా. చివరి పేజీలో, ఆ తాతయ్య చెబుతుంటే తను రాసుకున్న ప్రశ్న ఒకటుంది. దాని సారం ఇది.

'ఎ' మిషను రిపేరుకి కరెంటు ఆపి, ఎవరూ వెయ్యకుండా తన పేరున్న ఎర్ర కార్డు స్విచ్చుకి తగిలించాడు. 'బి' వచ్చేసరికి కార్డు లేదు. స్విచ్చు వేశాడు. ఒక పనివాడి చెయ్యి నలిగింది. అప్పుడు 'బి'కి తన కాళ్ళ దగ్గర ఆ కార్డు కనబడింది. దాన్ని ఎడమ బూటులో దోపుకున్నాడు. విచారణలో 'బి', అసలు 'ఎ' కార్డే తగిలించలేదని చెప్పాడు. 'బి' నిజంగా చూసింది ఏది?

ఆ 'బి' నేనే.

కార్డు ఎలా ఊడిపడిందో తెలియదు. స్విచ్చు వేసింది మాత్రం నేను. దాచింది నేను. నా మాట మీదే అప్పారావు ఉద్యోగం పోయింది. తర్వాత ఈ ఊళ్ళోనే సుపేలాలో, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టుకుంటూ బతికాడు. బూటు సంగతి నేను నా భార్యకు కూడా చెప్పలేదు. ఎవరైనా చూసి ఉంటే విచారణలోనే చెప్పేవారు.

మర్నాడు అమ్మాయితో రీడింగు రూముకి వెళ్ళాను. తాతయ్య లేడు. అక్కడ పనిచేసే దీదీని అడిగితే, మీ అమ్మాయి రోజూ ఒక్కతే కూర్చుని చదువుకుంటోంది, పక్కన ఎవర్నీ చూడలేదని చెప్పింది. ఆ తాతయ్య మళ్ళీ రాలేదు.

కార్డు ఇంకా నా టూల్‌బాక్సు అడుగున ఉంది. పారెయ్యాలని ఎన్నోసార్లు తీశాను. దాని మీద అతని చేతిరాత చూసి మళ్ళీ పెట్టేసేవాణ్ణి. ఈసారి అది పట్టుకుని, అమ్మాయిని తీసుకుని, సుపేలాలో అప్పారావు భార్య దగ్గరికి వెళ్ళాను. కూతురి ఎదుటే అంతా చెప్పాను.

వదిన కార్డు చేతిలోకి తీసుకుంది.

"తగిలించినానే అని పోయీవరకూ సెప్పినాడు బాబూ. నేనే, 'ఆడే తీసుంటాడు' అని నిన్ను తిట్టీదాన్ని. 'సూడలేదు కదే, ఎలాగంటాను' అనీవోడు. నీ మీద ఒక్క మాట పడనిచ్చీవోడు కాదు."

నా గురించి అంత న్యాయంగా మాట్లాడిన మనిషి మరొకరు లేరు. నేను అతని గురించి ఏం మాట్లాడానో తెలిసి కూడా.

"ఇదంతా రాసి సంతకం పెట్టియ్యి. ఆయన ఫొటో ఎనకాల పెడతాను" అంది వదిన.

గోడ మీద ఉన్న ఆ ఫొటో ముందు అమ్మాయి నిలబడి చూసింది. "ఈయనలాగే ఉన్నారు. ఈయనే అని మాత్రం చెప్పలేను" అంది.

ఇంటికొచ్చి రెండు పేజీలు రాశాను. మొదటి పేజీ నిండా నా తప్పు. రెండో పేజీలో, అప్పారావే వచ్చి నా కూతురికి చదువు చెప్పాడని రాశాను. అమ్మాయికి ఇచ్చాను. పెన్సిలు పట్టుకుని చదివింది. మొదటి పేజీలో ఏ గుర్తూ పెట్టలేదు. రెండో పేజీలో ఆ వాక్యం పక్కన చిన్న సున్నా పెట్టింది.

"ఇది మీరు చూడలేదు కదా నాన్నా."

"నువ్వు చూశావు కదే."

"నేను ఒక తాతయ్యని చూశాను. అంతే."

అమ్మాయికి రాయపూర్‌లో సీటు వచ్చింది. బూటు సంగతి ఆ నోటుబుక్కులోకి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతు పట్టదు. ఆ కాగితం ఇప్పుడు అప్పారావు ఫొటో వెనక ఉంది. సున్నా చెరపలేదు.